బరువు తగ్గే సర్జరీ తర్వాత సీప్యాప్ మెషిన్: ఎలా వాడాలి, ఎప్పుడు ఆపాలి

పొట్టను చిన్నది చేసే స్లీవో బైపాసో చేయించుకుని ఇంటికొచ్చిన రెండు మూడు నెలలకు ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. "గురక పోయింది కదా, ఇంకా ఆ గొట్టం ఎందుకు?" ప్రేమతోనే అంటారు. పక్కన పడుకునేవాళ్లకు ఎన్నేళ్లకో కంటినిండా నిద్ర పట్టింది మరి. నిద్రలో మాస్క్ గుండా గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే ఆ సీప్యాప్ మెషిన్ మెల్లగా మంచం పక్క నుంచి బీరువా మీదికి, అక్కడి నుంచి అటక మీదికి చేరుతుంది.

అలా ఆపేయొద్దని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. సర్జరీ స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస మాటిమాటికీ ఆగే జబ్బును, బాగా తగ్గిస్తుంది, కానీ అందరికీ పూర్తిగా పోగొట్టదు. 2009లో వచ్చిన ఒక విశ్లేషణ 12 అధ్యయనాల్లోని 342 మందిని కలిపి చూసింది. సర్జరీకి ముందు నిద్రలో వాళ్లకు సగటున గంటకు 55 సార్లు శ్వాస ఆగడమో బాగా తగ్గడమో జరిగేది. సర్జరీ తర్వాత అది 16కి దిగింది. ఎంతో మెరుగే. అయితే గంటకు 5 లోపు ఉంటేనే మామూలు, 15 దాటితే మధ్యస్థాయి జబ్బు. అంటే బరువు తగ్గి, గురక తగ్గి, పగటి మత్తు వదిలిన మనిషికి కూడా ఇంకా జబ్బు మిగిలి ఉండొచ్చు. ఆ సంగతి తూకం మెషిన్ చెప్పదు, పక్కన పడుకున్నవాళ్లూ చెప్పలేరు. రాత్రి నిద్రలో శ్వాసను కొలిచే స్లీప్ స్టడీ ఒక్కటే చెబుతుంది.

ఈ గంటకు ఇన్నిసార్లు అనే లెక్కను ఏహెచ్‌ఐ అంటారు. 5 నుంచి 15 వరకు తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థాయి, 30 దాటితే తీవ్రం. మీ పాత రిపోర్టులో ఈ అంకె ఎంతో వెతికి ఒకచోట రాసి పెట్టుకోండి. కింద చాలాసార్లు దానితో పని పడుతుంది.

సర్జరీకి ముందే చేయాల్సినవి

మెషిన్ కొత్తగా రాసి ఉంటే సర్జరీకి కొన్ని వారాల ముందు నుంచే రోజూ రాత్రి వాడి అలవాటు చేసుకోండి. పొట్ట మీద కుట్లు, చేతికి సెలైన్ ఉన్న రాత్రి మాస్క్‌తో మొదటి పరిచయం పెట్టుకోవడమంత చిరాకు ఇంకోటి లేదు.

ఆసుపత్రిలో చేరేటప్పుడు మీ సొంత మెషిన్, మీ సొంత మాస్క్ వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో మెషిన్లు ఉన్నా మాస్క్ మీ ముఖానికి సరిపోతుందన్న గ్యారంటీ లేదు. మెషిన్ మీద, మాస్క్ సంచి మీద, అడాప్టర్ మీద పేరు రాసిన ప్లాస్టర్ అంటించండి. ఐసీయూ నుంచి రూముకు మారేటప్పుడు ముందుగా తప్పిపోయేది అడాప్టరే. మంచం దగ్గర ప్లగ్గులన్నీ మానిటర్లతో నిండి ఉంటాయి కాబట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ కూడా పట్టుకెళ్లండి. సెట్టింగుల స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి.

ఆప్నియా ఉన్న సంగతి సర్జన్‌కు చెప్పాం కదా అని ఊరుకోవద్దు. మత్తు డాక్టర్‌కు వేరుగా, మీ నోటితో మీరే చెప్పండి. ఏ మందు ఎంత ఇవ్వాలి, ఆపరేషన్ అయ్యాక ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలి అన్నది ఆయన దీన్నిబట్టి కూడా చూస్తారు. అసలు టెస్టే చేయించుకోనివాళ్లు స్టాప్-బ్యాంగ్ ప్రశ్నలు అడిగి చూడమనండి. గురక, పగటి అలసట, నిద్రలో శ్వాస ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తుకు, బరువుకు ఉన్న లెక్క), వయసు, మెడ చుట్టుకొలత, మగా ఆడా: మొత్తం ఎనిమిది. ఐదో అంతకన్నా ఎక్కువో అవును అని వస్తే మధ్యస్థాయి లేదా తీవ్రమైన ఆప్నియా ఉండే అవకాశం ఎక్కువ.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఓ మాట. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 40 అంతకుమించి ఉన్నవాళ్లకు, లేదా 35 అంతకుమించి ఉండటంతో పాటు తీవ్రమైన స్లీప్ ఆప్నియా వంటి జబ్బు ఉండి మిగతా పద్ధతులతో బరువు తగ్గనివాళ్లకు ఈ సర్జరీ ఖర్చు పాలసీ కిందికి రావచ్చు. కాబట్టి స్లీప్ స్టడీ రిపోర్టు ఒరిజినల్ పారేయొద్దు. సీప్యాప్ మెషిన్ ఖర్చును మాత్రం చాలా పాలసీలు బయట వాడే పరికరం అని పక్కన పెడతాయి. కొనే ముందే అడిగి తెలుసుకోండి.

ఆసుపత్రిలో మొదటి రాత్రులు

మొత్తం వ్యవహారంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. మత్తు పూర్తిగా దిగదు, నొప్పికి ఇచ్చే బలమైన మందులు శ్వాసను మందగింపజేస్తాయి, కుట్ల వల్ల వెల్లకిలా పడుకోవాల్సి వస్తుంది. ఈ మూడూ ఆప్నియాను ఇంకా పెంచేవే.

మంచం తల వైపు 30 డిగ్రీల దాకా ఎత్తించుకోండి. రాత్రే కాదు, పగలు కునుకు పట్టినా మాస్క్ పెట్టాల్సిందే. తోడుగా ఉన్న మనిషికి ఈ ఒక్క పని అప్పజెప్పండి: కళ్లు మూతలు పడుతున్నాయంటే మాస్క్ గుర్తుచేయడం. నర్సులకు పది మంది పేషెంట్లుంటారు, అన్నీ వాళ్ల మీదే వదిలేయలేం.

"ఆక్సిజన్ పెట్టారు కదా, సీప్యాప్ ఎందుకు?" అనిపించొచ్చు. ఆక్సిజన్ వేరే పని చేస్తుంది. దారి మూసుకుపోతుంటే దాన్ని తెరిచి ఉంచేది సీప్యాప్ గాలి ఒత్తిడే. ఆక్సిజన్ ఒక్కటే పెడితే వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో అంకె బాగానే కనిపిస్తూ, లోపల శ్వాస ఆగుతూనే ఉండొచ్చు. రెండూ కావాలంటే సీప్యాప్ గొట్టానికే ఆక్సిజన్ కలిపే చిన్న కనెక్టర్ ఉంటుంది. స్టాఫ్‌ను అడగండి, మీరు బిగించొద్దు.

వికారంగా ఉన్నా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే మాస్క్ తీసేయండి. ముక్కూ నోరూ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్క్‌లో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే మొదటి రోజుల్లో ముక్కుకు మాత్రమే పెట్టే మాస్క్ కుదిరితే అదే మేలని నా అభిప్రాయం. ఫుల్ ఫేస్ తప్పనివాళ్లు దాన్ని ఒక్క చేత్తో లాగి తీయడం మెలకువగా ఉన్నప్పుడే రెండు మూడుసార్లు చేసి చూసుకోవాలి.

ఆ గాలికి లోపలి కుట్లు ఊడవా?

అందరూ మనసులో పెట్టుకుని అడగని ప్రశ్న ఇది. భయం అర్థం చేసుకోదగ్గదే. పొట్టను కోసి స్టేపుల్స్ వేశారు, ఇప్పుడు ముక్కులోంచి గాలి కొట్టమంటున్నారు.

ముందు ఆ ఒత్తిడి ఎంతో చూద్దాం. మెషిన్ మీద 10 అని ఉందనుకోండి. అది 10 సెంటీమీటర్ల నీటి పీడనం. గ్లాసు నీళ్లలో స్ట్రాను 10 సెంటీమీటర్ల లోతు ముంచి బుడగలు రప్పించడానికి ఎంత బలంగా ఊదాలో అంతే. మామూలు సీప్యాప్‌లు 4 నుంచి 20 వరకు ఇస్తాయి. ఈ గాలి ఎక్కువగా పోయేది ఊపిరితిత్తుల్లోకే. ఆహారనాళం పై కొసన బిగుతుగా ఉండే కండరం గాలిని కిందికి పోకుండా ఆపుతుంది. కొద్దిగా జారినా తేన్పుగా బయటికి వస్తుంది.

2002లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనం వెయ్యి మందికి పైగా గ్యాస్ట్రిక్ బైపాస్ రోగులను పరిశీలించి, సీప్యాప్ వాడినవాళ్లలో కుట్ల దగ్గర లీక్ ఎక్కువ కాలేదని తేల్చింది. మీ సర్జన్ ప్రత్యేకంగా కొన్ని రోజులు వద్దంటే అది వేరే సంగతి, వాళ్ల మాటే వినండి. సొంత భయంతో మాత్రం ఆపొద్దు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. లీక్ లక్షణాలు నిజంగా కనిపించినప్పుడు "మెషిన్ గాలి పట్టింది, గ్యాసే" అని సర్దిచెప్పుకోకూడదు. కూర్చుని ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకోవడం, జ్వరం, తగ్గకుండా పెరిగే పొట్టనొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే సర్జరీ టీమ్‌కు ఫోన్ చేయండి. తెల్లారనీ చూద్దాం అనుకోవద్దు.

ఇంటికొచ్చాక పడక ఏర్పాటు

మెషిన్‌ను మంచం కన్నా కొంచెం కింద ఉండే స్టూలు మీద పెట్టండి. గొట్టంలో చేరిన తేమ నీళ్లయితే కిందికి, మెషిన్ వైపు పోవాలి తప్ప మీ ముఖం మీదికి రాకూడదు. ఏసీ రూముల్లో ఈ బాధ ఎక్కువ. నిద్రలో మాస్క్‌లో బుడబుడ శబ్దం, ముక్కు మీద చల్లటి చుక్క. ఏసీని 25, 26 దగ్గర పెట్టి, గొట్టానికి పాత కాటన్ చీర ముక్కతో తొడుగు కుడితే చాలావరకు పోతుంది.

తల వైపు ఎత్తుగా పెట్టుకోవడం కొన్ని వారాలు కొనసాగించండి. దిండ్లు ఒకదాని మీద ఒకటి వేస్తే మెడ ముందుకు వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది. నడుము దగ్గర నుంచే వాలుగా ఎత్తే వెడ్జ్ దిండు కావాలి. లేదంటే మంచం తల వైపు కోళ్ల కింద గట్టి చెక్క దిమ్మెలు పెట్టించండి. స్లీవ్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి తర్వాత పులితేన్పులు, ఛాతీలో మంట వస్తాయి. వాళ్లకు ఈ వాలు రెండు విధాలా పనికొస్తుంది. సర్జన్ సరే అన్నాక పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంటే ఆప్నియాకూ మంచిదే.

మెషిన్ గాలిని గదిలోంచే లాగుతుంది. దోమల కాయిల్ దాని పక్కన వెలిగిస్తే ఆ పొగంతా నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకే. అగరుబత్తీ, సాంబ్రాణి కూడా అంతే. ఆ గదిలో దోమతెర ఒక్కటే మార్గం. పగలు గొట్టం నేల మీద పడేసి ఉంచొద్దు, తలుపు వెనక కొక్కేనికి తగిలించండి. బొద్దింకలకు, చీమలకు తడిగా చీకటిగా ఉన్న గొట్టం కన్నా మంచి ఇల్లు దొరకదు!

నొప్పి మాత్రల విషయంలో రెండు జాగ్రత్తలు. డిశ్చార్జి చీటీలో ట్రామడాల్ లాంటిది ఉంటే అది వేసుకున్న ప్రతిసారీ, పగలైనా సరే, మాస్క్ లేకుండా నిద్రపోవద్దు. ఇంట్లో ఎవరికో రాసిన అల్ప్రాజోలం నిద్ర పట్టడం లేదని తీసి వేసుకోవడం అసలే వద్దు. తాగే అలవాటున్నవాళ్లకు ఇంకోటి: బైపాస్ తర్వాత ఆల్కహాల్ త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది, గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. రెండు పెగ్గులకు పాత లెక్క ఇక పనికిరాదు.

నోరు ఎండిపోతుంటే

సర్జరీ తర్వాత ఒకేసారి గ్లాసు నీళ్లు తాగలేరు. గుక్క గుక్కగా రోజంతా తాగుతూ లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి చేయాలి. చాలామంది అంత చేరుకోలేరు. దానికి తోడు రాత్రంతా మెషిన్ గాలి. పొద్దున లేచేసరికి నాలుక అట్టకట్టుకుపోయి ఉంటుంది.

ఇది మెషిన్ వల్లా, నీళ్లు చాలకపోవడం వల్లా అని తేల్చుకోవడం తేలికే. మూత్రం ముదురు పసుపు రంగులో, తక్కువగా వస్తూ, లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే నీళ్లు చాలట్లేదు. డాక్టర్‌తో మాట్లాడాలి. మూత్రం తేటగా ఉండి పొద్దున మాత్రమే నోరు ఎండుతుంటే మెషిన్ సంగతి చూడాలి: గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ ఒక మెట్టు పెంచండి, నోరు తెరిచి పడుకుంటున్నారేమో ఇంట్లోవాళ్లను చూడమనండి. ముక్కు మాస్క్ పెట్టి నోరు తెరిస్తే గాలంతా నోట్లోంచి పోతుంది. ముక్కు దిబ్బడ ఉంటే పడుకునే ముందు సెలైన్ చుక్కలు సాయపడతాయి.

హ్యూమిడిఫయర్ ట్యాంకులో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బ్యాటరీ షాపులో అమ్మే నీళ్లు పీల్చుకోవడానికి తయారు చేసినవి కావు, మెడికల్ షాపులోనే అడగండి. అది దొరకని రోజు కాచి చల్లార్చిన ఆర్వో నీళ్లు పోసి వాడుకోవచ్చు, ట్యాంకు అడుగున తెల్లటి పొర కడితే కడగాలంతే. బోరు నీళ్లు వద్దు. పాత నీళ్ల మీద కొత్త నీళ్లు పోయడం ఎప్పుడూ వద్దు. రోజూ పొద్దున వంపేసి, ట్యాంకు ఆరబెట్టాలి.

కడుపులోకి గాలి పోతుంటే

పొద్దున లేవగానే పొట్ట డప్పులా బిగిసి ఉండి, తేన్పులు ఆగకుండా వస్తుంటే మీరు రాత్రి గాలి మింగుతున్నారన్నమాట. పాత పెద్ద పొట్టకు ఆ గాలి లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడున్న చిన్న పొట్టకు కొంచెం గాలీ ఎక్కువే. పైగా పొట్ట నిండినట్టు ఉండి పొద్దున ప్రొటీన్ తాగలేకపోతారు, అసలు నష్టం అక్కడ.

ఒక్కో రాత్రి ఒక్కో మార్పు చేసి చూడండి. రెండు మూడు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదట పడుకునే ముందు రెండు మూడు గంటలు ఏమీ తినకుండా ఉండటం. తర్వాత తల వైపు ఇంకొంచెం ఎత్తు. ఆ తర్వాత ఎడమ వైపు తిరిగి పడుకోవడం. అప్పటికీ తగ్గకపోతే మెషిన్‌లో ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ తగ్గించే సెట్టింగు ఉంటుంది. రెస్‌మెడ్ కంపెనీ వాటిలో దాన్ని ఈపీఆర్ అంటారు, 1 నుంచి 3 దాకా మెట్లు. అది కూడా సరిపోకపోతే అసలు ప్రెషరే మీకిప్పుడు ఎక్కువైందేమో చూడాలి. ఆ పని డాక్టర్‌ది.

ముఖం తగ్గింది, మాస్క్ తగ్గలేదు

బరువు పోవడం ముందుగా అందరికీ కనిపించేది ముఖంలోనే. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం కింద కండ కరుగుతుంది. ఆరు నెలల కిందట ఇంచు తేడా లేకుండా సరిపోయిన మాస్క్ ఇప్పుడు బుగ్గల దగ్గర పైకి లేస్తుంది. గాలి కళ్లలోకి కొడుతుంది, పొద్దున కళ్లు ఎర్రగా ఉంటాయి. అందరూ చేసేది పట్టీలు ఇంకా బిగించడం. దాంతో ముక్కు దూలం మీద పుండు పడుతుంది తప్ప లీక్ ఆగదు.

సరైన పద్ధతి ఇది. పట్టీలన్నీ పూర్తిగా వదులు చేయండి. మంచం మీద మీరెప్పుడూ పడుకునే భంగిమలో పడుకోండి, ఎందుకంటే కూర్చున్నప్పటి ముఖం, పడుకున్నప్పటి ముఖం ఒకటి కాదు. మెషిన్ ఆన్ చేసి గాలి వస్తుండగా మాస్క్‌ను ముఖం నుంచి కొంచెం పైకి లాగి, సిలికాన్ కుషన్ ఉబ్బాక మెల్లగా వదలండి. ఇప్పుడు కింది పట్టీలు, తర్వాత పై పట్టీలు, రెండు వైపులా సమానంగా బిగించండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అలా చేసినా లీక్ ఉంటే సైజు మారింది. మాస్క్ మొత్తం కొనక్కర్లేదు. చాలా మోడళ్లకు కుషన్ ఒక్కటే చిన్న సైజుది విడిగా దొరుకుతుంది.

మన ఇళ్లకు సంబంధించిన చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. తలకు, ముఖానికి రాసుకున్న నూనె, క్రీము ఉంటే సిలికాన్ జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కోండి. ముక్కుపుడక ఉన్న ఆడవాళ్లకు ముక్కు మాస్క్ అంచు సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. రాత్రికి తీయడం ఇష్టం లేకపోతే ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే నేసల్ పిల్లో మాస్క్ అడగండి. గుబురు గడ్డం ఉన్న మగవాళ్లకు కూడా అదే సలహా.

మెషిన్ చూపించే అంకెలు

వారానికోసారి చూస్తే చాలు, రోజూ చూసి టెన్షన్ పడక్కర్లేదు. మూడు అంకెలు ముఖ్యం.

వాడిన గంటలు. పడుకున్నంతసేపూ వాడాలి. రాత్రికి కనీసం 4 గంటలు అనేది అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా వాళ్లు మెషిన్ ఖర్చు ఇవ్వడానికి పెట్టుకున్న గీత. అది ఆరోగ్యానికి గీత కాదు. తెల్లవారుజామున మాస్క్ తీసి పక్కన పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి, కలలు వచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది, ఆప్నియా చాలామందిలో ముదిరేది ఆ వేళలోనే.

ఏహెచ్‌ఐ. మెషిన్ పెట్టుకున్నప్పుడు 5 లోపు ఉండాలి. ఇది మెషిన్‌తో ఉన్న అంకె. చాలామంది దీన్ని చూసి "నాకు 2 మాత్రమే వస్తోంది, జబ్బు పోయింది" అంటారు. కళ్లజోడు పెట్టుకుని చదివి చూపు బాగైందన్నట్టే.

లీక్. రెస్‌మెడ్ మెషిన్లలో నిమిషానికి 24 లీటర్ల లోపు ఉంటే సరే. అది దాటితే పైన చెప్పిన మాస్క్ పని చూడండి. లీక్ ఎక్కువైతే మిగతా అంకెల్ని కూడా పూర్తిగా నమ్మలేం.

ప్రెషర్ ఎప్పుడు తగ్గించాలి

మెషిన్ రెండు రకాలు. ఒకే ప్రెషర్ ఇచ్చేది ఒకటి, అవసరాన్నిబట్టి తనంతట తానే పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే ఆటో సీప్యాప్ ఇంకొకటి. సర్జరీ చేయించుకోబోతూ కొత్తగా కొనేవాళ్లు ఆటోనే కొనండి. వచ్చే ఏడాది పొడవునా మీ మెడ, మీ గొంతు మారుతూనే ఉంటాయి. లేదా ఏడాదికి అద్దెకు తీసుకోవడం కూడా తెలివైన పనే.

ఆటో ఉన్నవాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. దానికి కింది హద్దు, పై హద్దు ఉంటాయి. బరువు ఎక్కువగా ఉన్న రోజుల్లో కింది హద్దు 10 పెట్టి ఉంటే, ఇప్పుడు మీకు 6 చాలినా మెషిన్ 10 కన్నా దిగదు. ప్రెషర్ ఎక్కువైందని శరీరం చెప్పే గుర్తులు ఇవి: ఊపిరి వదలడం కష్టంగా ఉండటం, కొత్తగా లీక్, కొత్తగా కడుపు ఉబ్బరం, అర్ధరాత్రి తెలియకుండానే మాస్క్ లాగేయడం. మొదటి బరువులో పదో వంతు తగ్గిన దగ్గర ఒకసారి, తర్వాత ఇలాంటి గుర్తులు కనిపించిన ప్రతిసారి, మెషిన్ డేటాతో స్లీప్ డాక్టర్‌ను కలవండి. మెమొరీ కార్డు, లేదా ఫోన్ యాప్‌లోని రిపోర్టు చాలు.

పీల్చేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు ఇంకో ప్రెషర్ ఇచ్చే బైప్యాప్ వాడేవాళ్లు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగే జబ్బు ఉందని చెప్పినవాళ్లు వీడియోలు చూసి సెట్టింగులు ముట్టుకోవద్దు. వాళ్లకు ఆ మెషిన్ గొంతు తెరవడమే కాదు, శ్వాసకు కూడా సాయం చేస్తోంది.

కరెంటు, కడగడం, ప్రయాణం

కరెంటు పోతే ఊపిరాడదేమోనన్న భయం అక్కర్లేదు. మాస్క్‌లో గాలి బయటికి పోయే రంధ్రాలుంటాయి, ఫుల్ ఫేస్ మాస్క్‌కు మెషిన్ ఆగితే తెరుచుకునే కవాటం ఉంటుంది. అయినా ఉక్కపోస్తుంది, లేచి తీసేస్తారు. ఇన్వర్టర్ ఉంటే ఆ గది ప్లగ్గు దానికి కలిపించండి. ప్యూర్ సైన్ వేవ్ రకమైతే మేలు. ఎక్కువ కరెంటు తాగేది హ్యూమిడిఫయర్ హీటరే. ఎండాకాలం కోతల రోజుల్లో అది ఆపేసి పడుకుంటే బ్యాటరీ చాలాసేపు వస్తుంది.

కుషన్‌ను రోజూ తడిగుడ్డతో తుడవండి. వారానికోసారి మాస్క్, గొట్టం, ట్యాంకు గోరువెచ్చటి నీళ్లలో తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరేయండి. డెట్టాల్, బ్లీచింగ్, మరిగే నీళ్లు వద్దు. దుమ్ము రోడ్డు పక్క ఇళ్లలో ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువుకు ముందే బూడిద రంగులోకి మారుతుంది, అప్పుడే మార్చేయండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు మెషిన్‌ను క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోండి, ట్యాంకు ఖాళీ చేయండి, డాక్టర్ చీటీ వెంట ఉంచండి. అడాప్టర్లు మామూలుగా 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తాయి, పిన్ను మార్చే చిన్న కన్వర్టర్ ఉంటే చాలు. అక్కడ డిస్టిల్డ్ వాటర్ కిరాణా షాపుల్లోనే గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ తన మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ మెషిన్లను, ఇంకొన్ని మోడళ్లను వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిపొడిగా రాలి గాలిలో కలిసే ప్రమాదం ఉందన్నది కారణం. చవకగా వస్తోందని పాతది తీసుకునే ముందు దాని సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఆపొచ్చా లేదా తేల్చుకోవడం

సాధారణంగా సర్జరీ అయిన 6 నెలల నుంచి ఏడాది మధ్య, బరువు ఒకచోట నిలబడ్డాక మళ్లీ స్లీప్ స్టడీ చేస్తారు. బరువు ఇంకా వేగంగా తగ్గుతున్నప్పుడు చేసిన టెస్ట్ రెండు నెలలకే పాతబడిపోతుంది. ల్యాబులో రాత్రంతా పడుకుని చేసేది, ఇంట్లో చిన్న పరికరం కట్టుకుని చేసేది అని రెండు రకాలున్నాయి. మొదట జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లకు ల్యాబులోదే నయం.

టెస్ట్ మెషిన్ లేకుండా చేయాలి. దానికి ముందు ఎన్ని రాత్రులు మెషిన్ ఆపాలో డాక్టర్‌నే అడగండి. టెస్ట్ రాత్రి వెల్లకిలా కూడా కొంతసేపు పడుకునేలా చూసుకోండి. రాత్రంతా పక్కకు తిరిగి పడుకుని "పాస్" అయిపోతే అది సగం నిజమే. టెస్ట్ దాకా ఆగలేనంత నిద్రమత్తు మళ్లీ మొదలైతే ఆ రోజుల్లో బండి, కారు నడపొద్దు.

ఏహెచ్‌ఐ 5 లోపు వచ్చి, పగటి మత్తు లేకపోతే డాక్టర్ ఆపమనొచ్చు. 5 నుంచి 15 మధ్య వస్తే మీ బీపీ, గుండె, లక్షణాలు చూసి నిర్ణయిస్తారు. పక్కకు తిరిగి పడుకోవడం, పళ్లకు పెట్టే పరికరం లాంటి తేలిక మార్గాలు ఇక్కడ పనికి రావచ్చు. 15 పైన ఉంటే మెషిన్ కొనసాగుతుంది, కానీ తక్కువ ప్రెషర్‌తో, చిన్న మాస్క్‌తో. ఏళ్లుగా దవడ వెనక్కి ఉన్నవాళ్లకు, టాన్సిల్స్ పెద్దగా ఉన్నవాళ్లకు బరువు ఎంత తగ్గినా కొంత ఆప్నియా మిగలడం మామూలే. అది సర్జరీ ఫెయిలైనట్టు కాదు, మీరు ఏదో తప్పు చేసినట్టూ కాదు.

ఆపమన్నా మెషిన్‌ను వెంటనే అమ్మేయొద్దు. ట్యాంకు పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ తీసి, గుడ్డ సంచిలో కట్టి కనీసం ఓ ఏడాది ఉంచండి. సర్జరీ తర్వాత రెండో ఏడాదో మూడో ఏడాదో కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో ఉంటుంది, దాంతో ఆప్నియా కూడా తిరిగి రావచ్చు. నాలుగైదు కిలోలు పెరిగి, పొద్దున తలనొప్పి, రాత్రి రెండుసార్లు మూత్రానికి లేవడం, టీవీ ముందు కూర్చోగానే కునుకు మొదలయ్యాయంటే మళ్లీ టెస్ట్‌కు వెళ్లండి. ఎప్పుడైనా హెర్నియాకో గాల్‌బ్లాడర్‌కో, ఆఖరికి వదులైన చర్మం తీయించుకోవడానికో ఇంకో ఆపరేషన్ పడితే, మెషిన్ మానేసి ఎన్నాళ్లయినా సరే, ఒకప్పుడు ఆప్నియా ఉండేదని పాత రిపోర్టుతో సహా మత్తు డాక్టర్‌కు చెప్పండి.